పొట్టు షెడ్డులో కొత్త క్యాసెట్

మాది రాక్ బ్యాండని త్రినాథ్ పట్టుదల. కాశీబుగ్గలో మాత్రం అందరూ ఆర్కెస్ట్రా అనేవారు, పెళ్లివాళ్లయితే ఏకంగా పాటలోళ్లు అనేవారు. ఎవరేమన్నా అతను వినిపించుకునే రకం కాదు. పగలంతా మోటార్లకు వైండింగు చేసేవాడు, సాయంత్రమైతే గిటారు పట్టుకునేవాడు. మాట్లాడుతూ మధ్యలో లేచి నిలబడేవాడు. అన్నం తింటూ కాలితో దరువేసేవాడు. ఆ మనిషి పక్కన కూర్చుంటే మనకే ఒళ్లు అలిసిపోయేది. నేను డ్రమ్స్ వాయించేవాణ్ణి కాబట్టి ఎలాగో తట్టుకున్నాను.

మా పాటలు మేమే కట్టుకునేవాళ్లం. తొంభై ఏడు నుంచి నాలుగైదు క్యాసెట్లు వేశాం. అవి ఆడాయంటే ఆ ఘనత పలాస జీడిపప్పు షెడ్లది. త్రినాథ్ అప్పా అని పిలిచే వాళ్ల అక్క రాజులమ్మ ఒక షెడ్డులో పప్పుకు పొట్టు తీసేది. అక్కడ ఓ మూల టేప్‌రికార్డరు పొద్దుట్నుంచీ మోగుతూనే ఉండేది. తీసినంత పప్పుకే కూలి కాబట్టి చేతులు ఎంత జోరుగా ఆడితే అంత మంచిది. అందుకని మా కొత్త పాట ఏదైనా బజారుకు వెళ్లే ముందు ఆ షెడ్డుకు వెళ్లేది. ఆడవాళ్ల చేతులు దరువందుకుంటే పాట నిలిచినట్టే. లేదంటే ఇంటికొచ్చి జోరు పెంచేవాళ్లం. విశాఖపట్నంలో స్టూడియో వాళ్లు ఇది విని నవ్వారు కానీ, మాకు అంతకన్నా నమ్మకమైన పరీక్ష లేదు.

రెండువేల నాలుగులో త్రినాథ్ వాళ్ల అమ్మ పోయింది. అప్పటికి అతనికి నలభై దాటాయి. వజ్రపుకొత్తూరు దగ్గర కొబ్బరితోటల ఊళ్లో ఆవిడ కిడ్నీ జబ్బుతో మంచంలో ఉన్నన్నాళ్లూ అక్కాతమ్ముళ్లు వంతులేసుకుని వెళ్లి చూసుకున్నారు. ఆవిడ పోయాక అతనికి నిద్ర పట్టేది కాదు. కళ్లు మూస్తే మా పాత దరువే బుర్రలో తిరుగుతోందని, అది వింటుంటే తన మీద తనకే కోపం వస్తోందని చెప్పేవాడు. ఏదో చెయ్యాలంటాడు, అదేమిటో చెప్పలేడు. నెలల తరబడి మమ్మల్ని చంపుకు తిని, చివరికి కొత్త క్యాసెట్ చేశాడు. అందులో ఆంప్లిఫయరు లేదు, కీబోర్డు లేదు. వట్టి గిటారు, గొంతు, అదీ నిదానంగా, మధ్యమధ్య ఆగుతూ. నాకు దాదాపు పనే లేదు. స్టూడియోలో టీలు తాగుతూ కూర్చున్నాను. ఒళ్లు మండిపోయింది. ఇంత వయసొచ్చాక ఉన్న పేరు పాడుచేసుకోవడం దేనికని అడిగేశాను.

"ఇది మా అప్పకి నచ్చితే సాలు, సూర్యం బావా," అన్నాడు.

క్యాసెట్ రాజులమ్మ చేతికిచ్చి, ఇద్దరం షెడ్డు కిటికీ బయట నిలబడ్డాం. నిలబడ్డది నేనే. త్రినాథ్ రోడ్డు దాకా వెళ్తాడు, వస్తాడు, బీడీ ముట్టిస్తాడు, పారేస్తాడు. మొదటి పాట మొదలైంది. లోపల కబుర్లు తగ్గాయి. కాసేపటికి పాట తప్ప ఇంకో చప్పుడు లేదు. రెండో పాట సగంలో ఉండగా టేపు టక్కున ఆగింది. దాని బదులు మా పాత క్యాసెట్ మోగింది. అందులో నా డ్రమ్సే ముందు వినపడతాయి. అయినా నాకు సంతోషం కలగలేదు. త్రినాథ్ మొహం చూడలేక నేలచూపులు చూశాను.

భోజనాల వేళకు రాజులమ్మ బయటికి వచ్చింది. ఎవరు ఆపమన్నారని తమ్ముడు అడిగాడు.

"నేనే ఆపీసినాను," అంది.

"బాగోలేదేటప్పా?"

"బాగోలేదని నానన్నానేటి? అమ్మ కళ్లముందుకొచ్చీసినాది. సేతులాగిపోనాయి. నాయే కాదు, అందరియీ ఆగిపోనాయి. మేస్త్రి సూత్తన్నాడు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఊరికే కూకోని ఇనే పాట సేసినావురా తమ్ముడూ. మేం ఊరికే కూకునేదెప్పుడు?"

  ఇన్నేళ్లూ వాళ్లు మా పాటలు వింటున్నారని మురిసిపోయాం. వాళ్లు పని చేసుకుంటున్నారు, అంతే.

ఆదివారం త్రినాథ్ గిటారు పట్టుకుని అక్క ఇంటికి బయల్దేరాడు. టేపు వద్దు, ఎదురుగా కూర్చుని తనే పాడతానన్నాడు. నేనూ వెంట వెళ్లాను. రాజులమ్మ బట్టలు నానబెట్టి వచ్చి అరుగు మీద కూర్చుంది. తమ్ముడు పాట ఎత్తుకున్నాడు. ఆమె కళ్లు మూసుకుని వింటోంది. చేతులు ఒళ్లో ఉన్నాయి, వేళ్లు మాత్రం లేని పప్పుకు పొట్టు తీస్తూనే ఉన్నాయి. ఆ సంగతి ఆమెకు తెలిసినట్టు లేదు. పాట అయిపోయింది, వేళ్లు ఆగలేదు. త్రినాథ్ ఆ వేళ్లనే చూస్తూ, అదే పాటని మళ్లీ మొదట్నుంచి, ఇంకా నిదానంగా అందుకున్నాడు.