హైమగారి ప్రశ్నలు, విల్సన్ తూటాలు

హైమగారిని ఏదడిగినా జవాబు రాదు, ప్రశ్న వస్తుంది. "టైమెంతైందండీ?" అంటే "ఎక్కడికెళ్ళాలి?" అంటారు. అమెరికాలో హెర్న్‌డన్ అనే ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళంతా ఆవిణ్ణి దారి అడగడం మానేసి మ్యాపులు కొనుక్కున్నారు.

భాస్కర్ పాపం కొత్తవాడు. 1985లో అక్కడ ఉద్యోగంలో చేరి మూడు నెలలు కూడా కాలేదు. బాసు విల్సన్‌కి వాళ్ళ తాతగారి వేట రైఫిల్ దక్కింది. పక్కపక్కన రెండు గొట్టాలున్న పాతకాలంది. దానికి ఏ తూటాలు క్షేమమో ఒక్కో షాపువాడు ఒక్కోలా చెబుతున్నాడు. బాసు మెప్పు కోసం భాస్కర్ నోరు జారాడు. "మా హైమగారు లోహాల ఇంజనీరు. కనుక్కుంటాను సర్!"

ఆ సాయంత్రమే హైమగారింటికి వెళ్ళాడు. "అక్కయ్యగారూ, మెత్తటి తూటాలా, గట్టివా? ఒక్క ముక్కలో చెప్పండి చాలు."

"గొట్టం లోపల కొలిచారా?"

"లేదండీ."

"ఎంత బరువు తూటా వాడాలో తుపాకీ మీద చెక్కి ఉంటుంది. చూశావా?"

"లేదండీ."

"మరేం చూశావ్?"

"మా బాసు మొహం చూశానండీ."

మర్నాడు బరువు తెలుసుకుని వెళ్తే, "రెండు గొట్టాల్నీ కలిపిన అతుకు గట్టిగా ఉందా?" అన్నారు. అది కనుక్కునేసరికి ఇంకో నాలుగు. ఆఫీస్‌కీ ఆవిడింటికీ తిరిగి తిరిగి, తూటా గొట్టంలోంచి వెళ్తుందో, గొట్టమే తూటాలోంచి వెళ్తుందో భాస్కర్‌కి తెలీకుండా పోయింది.

విల్సన్‌కి విసుగొచ్చింది. "వద్దులే. ఇత్తడితో చేసిన గట్టి తూటాలు కొనేశాను. శనివారం వేటకి వెళ్తున్నా."

బాసు సిఫారసుతో గ్రీన్‌కార్డు వస్తుందన్న భాస్కర్ ఆశ మీద నీళ్ళు చల్లినట్టయింది. సాయంత్రం ఆ సంగతి చెబితే హైమగారు ఏమీ అడగలేదు. విల్సన్ అడ్రసు మాత్రం రాసుకున్నారు.

శుక్రవారం విల్సన్ గదిలోకి పిలిచాడు. ఉద్యోగం ఊడిందనుకుంటూ వెళ్ళాడు భాస్కర్.

"నిన్న మీ హైమ లీవ్ పెట్టి మా ఇంటికొచ్చింది. నన్నూ రైఫిల్‌నీ కార్‌లో ఎక్కించుకుని, రెండు గంటలు డ్రైవ్ చేసి తుపాకులు బాగుచేసేవాడి దగ్గరికి తీసుకెళ్ళింది. వాడు మెత్తటి సీసం గుండు గొట్టంలోంచి తోసి కొలిచాడు. కుడి గొట్టం ఇరుకట! ఆ ఇత్తడి తూటా పేలిస్తే గొట్టం ఉబ్బి అతుకు ఊడేదట. లోపల సీసం, పైన పల్చటి రాగి తొడుగు ఉన్నవి, సరైన కొలతలో, చెక్కిన బరువులోనే వాడమన్నాడు."

భాస్కర్ తలుపు దగ్గర్నించి రెండడుగులు ముందుకొచ్చాడు.

"కొలవందే కాల్చనివ్వకూడదని పట్టుబట్టింది నువ్వేనట కదా! రోజూ వెళ్ళి ఆవిడ ప్రాణం తోడేశావట, తనే చెప్పింది."

"నేనా సర్?"

"వినయం చాల్లే!" విల్సన్ లేచి రెండు చేతుల్తో అతని చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "మా వేట క్లబ్బులో ఇంకా పదకొండు మందికి ఇలాంటి తుపాకులున్నాయి. సోమవారం అందరూ నీ దగ్గరికే వస్తున్నారు."

ఆ సాయంత్రం భాస్కర్ కొత్త నోట్‌బుక్కుతో హైమగారింటి తలుపు తట్టాడు.

"అక్కయ్యగారూ, మొదటి ప్రశ్న దగ్గర్నించి మళ్ళీ అడగండి. ఈసారి రాసుకుంటాను."