పొయ్యి ముట్టించని రోజు

మొన్న సైదాబాదులో మా మేడ మీద సోలార్ పలకలు బిగించడానికి వచ్చిన కుర్రాడు, ఎండతో అన్నం కూడా వండుకోవచ్చు తెలుసా అమ్మా అని నాకే పాఠం మొదలుపెడితే, "నువ్వు పుట్టకముందే వండిన, పో" అని నోరు మూయించాను.

ఎనభైల నాటి మాట. డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో, సోలార్ కుక్కర్ల వాడకం నేర్పే చిన్న ఉద్యోగం నాది. ఆ ఏడు మూసీ పొంగి ఒడ్డు గుడిసెలు కొట్టుకుపోతే, ఆ జనాన్ని జహనుమాలో ఒక బడిలో ఉంచారు. వరండా నిండా తడి కట్టెల పొగ, పిల్లల దగ్గు. వాన వెలిసి ఎండ కాయగానే నాలుగు కుక్కర్లు రిక్షాలో వేసుకుని వెళ్లాను. లోపల నలుపు పూసిన పెట్టె, మూతకు అద్దం. పొద్దున బియ్యం, నీళ్లు పోసి ఎండకు పెడితే మధ్యాహ్నానికి అన్నం. అందరూ ఒప్పుకున్నారు, ఒక్క ముసలమ్మ తప్ప.

వరద రోజు ఆమె కొడుకు తోపుడుబండి తెచ్చుకుంటానని ఒడ్డుకు దిగి మళ్లీ రాలేదు. తల్లి లేని ఇద్దరు మనవలను పక్కన కూర్చోబెట్టుకుని, మూడు ఇటుకల పొయ్యిలో తడి కట్టెలు పెట్టి, కళ్లు ఎర్రబడేదాకా ఊదేది. నేనా ఊరుకునేదాన్ని? పొగ మింగితే కొడుకొస్తాడా అని ఒకరోజు అందరి ముందూ అనేశాను.

"నీ డబ్బా మస్తుగుంది బిడ్డా. నా పొయ్యి జోలికి రాకు" అంది, తలెత్తకుండా.

ఆరో రోజు తనే కడిగిన బియ్యం గిన్నెతో నా దగ్గరికి వచ్చింది. గెలిచాననుకున్నాను.

"ఏంది పెద్దమ్మా, ఇప్పుడొచ్చిందా బుద్ధి?"

"దొరికిండంట బిడ్డా, వంతెన కింద. ఇయ్యాల పొయ్యి ముట్టియ్యద్దు గద. పోరగాళ్లు ఆకలంటున్నరు, గీ బియ్యం నీ డబ్బల పెట్టు."

చావైన ఇంట పొయ్యి వెలిగించరనీ, ఇరుగుపొరుగు వండి తెస్తారనీ నాకు తెలియదా? పొయ్యి ఆరితే కొడుకు లేడని తానే ఒప్పుకున్నట్టని అన్నాళ్లూ ఊదింది, అంత చదివిన నాకు అది తట్టలేదు. ఆ బడిలో వండి తెచ్చే పొరుగెవరు? అందరిదీ అదే గతి. ఎండ వెంట ఆ పెట్టెను తిప్పుతూ, ఆమె వైపు చూడలేక, మధ్యాహ్నం దాకా నిలబడ్డాను.

కుర్రాడు వెళ్లిపోయాక మేడ మీదే ఉండిపోయాను. ఇప్పుడు ఏ ఇంటి మీదా పొగ లేదు. ఏ ఇంట్లో ఈ పూట పొయ్యి వెలగలేదో, ఎవరికి ఇంత వండి తీసుకెళ్లాలో, ఇక్కడి నుంచి ఎంత చూసినా తెలియదు.