ఏథెన్స్ బస్సుకు చెయ్యెత్తాలి

"చెయ్యి దించు అత్తమ్మా! ఇది పెన్‌పహాడ్ స్టేజీ కాదు" అంటూ ఆమె మోచెయ్యి పట్టి లాగాను. సాయంత్రం నాలుగూ పది. ఏథెన్స్‌లో మా హోటలు దగ్గరి బస్టాపు. 230 నంబరు బస్సు కాస్త వేగం కూడా తగ్గించకుండా మా ముందు నుంచే వెళ్లిపోయింది.

"సూసినవా? చెయ్యెత్తకుంటె వాడు మన మొకం సూసి ఆపుతడా?" అంది అత్తమ్మ.

"స్టాపుల నిలబడితే వాళ్లే ఆపుతరు. చెయ్యూపితే పల్లెటూరోళ్లనుకుంటరు."

"మరి మనమేమన్న పట్నపోళ్లమా?"

మిర్యాలగూడ పాస్టరుగారు తీసుకెళ్లిన యాత్రలో మేమిద్దరం ఉన్నాం. ఆ రోజు ఐదింటికి అక్రోపొలిస్ పక్కనున్న రాతిగుట్ట మీద ప్రార్థన. అక్కడ బైబిల్లోంచి వాక్యం చదివే వంతు మా అత్తమ్మ ఎస్తేరమ్మది. ఆమె బడి మొహం చూడలేదు. నేను కోడలిగా వచ్చాకే నా దగ్గర కూర్చుని అక్షరాలు నేర్చుకుంది. ఆ ఒక్క పేజీని గొర్రెలు కాస్తూ రెండు నెలలు చదివింది. మా గొర్రెలను అడిగినా అప్పజెప్పేస్తాయి.

అంత చదివి, మధ్యాహ్నం భోజనమయ్యాక తెల్లచీర కట్టుకుంటానని గదికి వెళ్లింది. కుచ్చిళ్లు నాలుగుసార్లు విప్పి పెట్టింది. టూరు బస్సు మాకోసం ఆగలేదు. "సిటీ బస్సెక్కి వచ్చెయ్యండమ్మా, దగ్గరే" అన్నారు పాస్టరుగారు ఫోనులో. మెట్రో స్టేషన్లో మిషను దగ్గర రెండు టికెట్లు తీసుకున్నాం. ఒక్కొక్కటి యూరో ఇరవై సెంట్లు, తొంభై నిమిషాలు చెల్లుతుంది.

నాలుగున్నరకు రెండో బస్సు వచ్చింది. ఈసారి నేను చెప్పకముందే అత్తమ్మ చేతులు వెనక్కి కట్టుకుంది. అదీ పోయింది.

అప్పుడు మా పక్కన కూరగాయల సంచీతో నిలబడ్డ ముసలమ్మ తన బస్సు రాగానే చెయ్యి చాచింది. బస్సు బుద్ధిగా ఆగింది. ఎక్కుతూ మా వంక చూసి నవ్వి, చెయ్యి ఎలా ఎత్తాలో మళ్లీ ఒకసారి చేసి చూపించింది.

"నేర్సుకో బిడ్డా" అంది అత్తమ్మ.

నాలుగూ యాభైకి వచ్చిన బస్సుకు అత్తమ్మ రెండు చేతులూ ఎత్తింది. ఎక్కీ ఎక్కగానే మన ఫ్రీ బస్సు అలవాటుతో ఆధార్ కార్డు తీసి పట్టుకుంది.

"కండక్టరేడి?"

"లేడు. టికెట్ ఆ మిషనుకు ఆనించాలె."

"మరి రైట్ రైట్ అనేదెవరు?"

ఎవరూ అనకుండానే బస్సు కదిలింది. మా స్టాపు వచ్చింది, పోయింది. దిగేవాళ్లు ముందే ఎర్ర బటన్ నొక్కాలని మాకేం తెలుసు! అత్తమ్మ బస్సు గోడను దబదబా బాదింది. "ఓ డ్రైవరన్నా, ఆపయ్యా! మా స్టేజీ దాటినవ్!" బస్సంతా మావైపు తిరిగింది. ఒక పిల్ల నవ్వాపుకుంటూ లేచి బటన్ నొక్కింది. తర్వాతి స్టాపులో దిగి ఎండలో వెనక్కి నడిచాం.

ఐదూ ఇరవై ఐదుకు గుట్ట కిందికి చేరేసరికి మా యాత్రవాళ్లు ఇనుప మెట్లు దిగుతున్నారు. కోదాడ మార్తమ్మగారు పరుగున వచ్చి అత్తమ్మ చేతులు పట్టుకున్నారు.

"అయ్యో వదినా, మీరు రాకపోయేసరికి పాస్టరుగారు నన్ను చదవమన్నారు. చదివేశాను. రెండుచోట్ల తడబడ్డాను కూడా."

"ఏం కాదులే వదినా. ఎవరు సదివితేంది" అంది అత్తమ్మ. పేజీ గుర్తుకోసం పెట్టుకున్న రిబ్బను వేలికి చుట్టుకుంటూ ఉంది.

తిరుగు దారిలో టూరు బస్సులో నన్ను ఒక్క మాట అనలేదు. అందరూ అడిగితే "కుచ్చిళ్లకు ఆలస్యమైంది" అని తప్పు తనమీదే వేసుకుంది. చెయ్యి లాగింది నేనని ఎవరికీ చెప్పలేదు. దారిపొడవునా నాలుగు తిట్టినా హాయిగా ఉండేది.

మీలో ఎవరైనా ఏథెన్స్ వెళ్తే బస్సులకు భయపడకండి. శుభ్రంగా ఉంటాయి, డ్రైవర్లు మంచివాళ్లు. అడిగినవాళ్లకు ఆగుతాయి, అంతే. సిగ్గుపడి నిలబడితే రోజంతా నిలబడొచ్చు.

మర్నాడు మా విమానం మధ్యాహ్నానికి. పొద్దున ఆరింటికే అత్తమ్మను లేపి, ఆ తెల్లచీర కుచ్చిళ్లు నేనే పెట్టాను. "యాడికే?" అంటున్నా చెప్పకుండా బస్సెక్కించాను. గుట్ట మీద రాళ్లు నున్నగా అరిగి కాలు జారుతోంది, చెయ్యి పట్టుకుని ఎక్కించాను. పైన ఒక పిల్లి, ఫోటోలు తీసుకునే ఒక జంట తప్ప ఎవరూ లేరు. అత్తమ్మ కొంగు సర్దుకుని, పేజీ తీసి, ఒక్కచోటా ఆగకుండా చదివింది. చదివి తలెత్తి చూసింది, ఎదురుగా పదిమంది ఉన్నట్టే.

ఆ పదిమందికీ సరిపడా గట్టిగా నేనే "ఆమెన్" అన్నాను.