హాల్‌టికెట్ సారు

కొందరు ఏటా కొమురవెల్లి మల్లన్న జాతరకు పోతారు. రాజమల్లయ్య సారు ఏటా ఎంబీయే ప్రవేశ పరీక్షకు పోయేవాడు. చూడ్డానికి కాదు, రాయడానికి. తల నెరిసి, పింఛను మొదలై, మోకాళ్లకు నూనె పట్టించుకునే వయసులో కూడా ఒక్క ఏడు తప్పలేదు. మొత్తం పన్నెండుసార్లు రాశాడు. పదమూడోసారి రాయలేదంటే అది ఆయన తప్పు కాదు. దరఖాస్తులు మొదలవడానికి నెల ముందే ఆయన పోయాడు. సిద్దిపేటలో ఇప్పటికీ ‘హాల్‌టికెట్ సారు ఇల్లేది?’ అంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారు.

ఆ పరీక్షలో ఇంగ్లీషు భాగంలో ఆయనకు దాదాపు నిండా మార్కులు వచ్చేవి. రావాలి మరి. పాత బస్టాండు దగ్గర స్టీలు సామాన్ల దుకాణం మీది గదిలో గ్రామరు, వెర్బల్ రీజనింగు చెప్పేది ఆయనే. లెక్కల్లో మాత్రం ఆయన మార్కులు ఆయన చెప్పుల సైజును ఎన్నడూ దాటలేదు. ఫలితాలొచ్చిన రోజు కింది దుకాణం రత్నాకర్ మొదటి పరామర్శకు వచ్చేవాడు.

“ఈసారన్న సీటొస్తదా సార్?”

“లెక్కలు దెబ్బకొట్టినయ్ రత్నాకరూ.”

“ఏటా గదే దెబ్బనా?”

“దానికి నేను దొరికిన. నాకది దొరకలె.”

పరీక్షలో ఒక ఇంగ్లీషు ప్యాసేజీ ఇచ్చి, కింద ప్రశ్నలు అడుగుతారు కదా. పిల్లలు అందులో లేనిది ఊహించుకుని తప్పు జవాబు పెడతారు. ఆ రోగానికి సారు దగ్గర ఒకటే మందు: “గది ప్యాసేజీల ఉన్నదా?” ఆ మందు ఆయన ఊరందరికీ పోసేవాడు. ఆటో అతను “వాన వడేటట్టున్నది సార్” అంటే, “మబ్బున్నది. వాన ప్యాసేజీల ఉన్నదా?” అనేవాడు. భార్య స్వర్ణమ్మను కూడా వదల్లేదు.

“కూర మంచిగ లేదా? ముఖం గట్ల వెట్టిన్రు?”

“మంచిగ లేదని నేనన్ననా? ప్యాసేజీల ఉన్నదా?”

“ప్యాసేజీల లేదు. పళ్లెంల ఉన్నది,” అనేది ఆమె, మిగిలిన కూర చూపించి.

ఈ మందు అందరికంటే ఎక్కువ మోతాదు పడింది రుచితకు. మర్కూక్ దగ్గర ఎర్రవల్లి పిల్ల. బాపు నాగయ్య భివండిలో మగ్గాల పని. బీకాం పూర్తిచేసి, సిద్దిపేటలో హాస్టల్లో ఉండి సారు దగ్గరికి వచ్చేది. గదిలో టెస్టు పెడితే మొదటి మార్కు ఆమెదే. అసలు పరీక్ష మాటెత్తితే మాత్రం వేళ్లు వణికేవి.

నిరుడు ఏమైందో ఆమె ఎవరికీ చెప్పలేదు. పట్నంలో సెంటరు గేటు దాకా పోయింది. ఆ వరసను, ఆ తనిఖీలను చూసేసరికి కాళ్లు ముందుకు పడలేదు. వచ్చిన దారినే బస్సెక్కి, ఇంట్లో “రాసిన, రాలె” అంది. బాపు ఫోన్లో, “ఇంకొక్కసారి రాయి బిడ్డా. కాకుంటే బట్టల షోరూముల పని చూసిపెట్టిన” అన్నాడు. ఆ ఇంకొక్కసారి ఇదే.

దరఖాస్తు నింపడానికి రుచిత శైలేందర్ నడిపే ఇంటర్నెట్ సెంటరుకు పోతే, సారు వెంట వచ్చాడు. తన దరఖాస్తు రుచిత దరఖాస్తు పక్కనే, అదే నిమిషంలో నింపాలని పట్టు. అట్లా నింపితే ఇద్దరికీ ఒకే సెంటరు పడుతుందని ఆయన నమ్మకం. వెనకటి పిల్లలతో చాలా ఏళ్లు పడింది కూడా. పడని ఏడు ఆయనకు రెండు రోజులు అన్నం సహించేది కాదు.

“పుట్టిన సంవత్సరం సార్?” అన్నాడు శైలేందర్.

“యాభై తొమ్మిది.”

శైలేందర్ మౌసు తిప్పుతూనే ఉన్నాడు. “ఇంక కిందికి... ఇంక కిందికి... మీ ఏడు దొరికేటాలకు నా వేలు అరిగిపోతది సార్.”

“ఆగకు. నేను కిందనే ఉంట, ఏడికి పోను.”

హాల్‌టికెట్లు వచ్చాయి. ఒకే సెంటరు. సీటే వచ్చినంత సంబరపడ్డాడు సారు. రుచితకు మాత్రం పాత బెంగకు తోడు కొత్త బెంగ పట్టుకుంది. ఈసారి గేటు దగ్గర ఆగిపోతే సారు చూస్తాడు.

పరీక్షకు నాలుగు రోజుల ముందు ఆమె పెన్ను పట్టుకుని ఉత్తగా కూర్చుని ఉంటే సారు అడిగాడు.

“ఏమాలోచిస్తున్నవ్ బిడ్డా?”

“చేతులు వణుకుతయ్ సార్. వణికితే మౌసు జారుతది. జారితే తప్పు జవాబు వడతది. ర్యాంకు రాదు. షోరూముల చీరలు మడతవెట్టుకుంట ముసలిదాన్నయిత. గా చీరలు కొనెటందుకు నా దోస్తులు కార్లల్ల వస్తరు...”

“దీంట్ల ప్యాసేజీల ఉన్నయెన్ని?”

రుచిత ఆలోచించింది. “ఆదివారం పరీక్ష ఉన్నదన్నది ఒక్కటే సార్.”

“మిగిలింది మంచి కథ. దసర ఆఫరు గూడ వెట్టు, నిండుగుంటది.”

రుచిత నవ్వింది. వేళ్లు మాత్రం నవ్వలేదు.

ఆదివారం పొద్దున సెంటరు గేటు దగ్గర సెక్యూరిటీ అతను సారుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

“పేరెంట్స్ బయటనే ఉండాలె పెద్దాయనా.”

సారు హాల్‌టికెట్ తీసి చూపించాడు. అతను ఫోటో చూశాడు. ముఖం చూశాడు. ఇంకొకతన్ని పిలిచాడు. ఇద్దరూ కలిసి చూశారు.

“ఇది మీ మనవరాలిదేమో?”

“ఫోటోల మీసాలున్నయ్ గద నాయినా.”

వరసలో అందరూ నవ్వారు. రుచితకు నవ్వు రాలేదు. కాళ్లు నిరుటిలాగే నేలకు అతుక్కున్నాయి. ‘నేను వాపసు పోత సార్’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో సారే ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆయన చెయ్యి గజగజ వణుకుతోంది.

“బిడ్డా, నాకు లెక్కలంటే చానా భయం. నువ్వు లోపటిదాక తీస్కపోకుంటే గీడికెళ్లే వాపసు పోత.”

“అయ్యో, మీరు భయపడుడేంది సార్?”

“గుండె దడదడ కొట్టుకుంటున్నది. అద్దాలు ఏడవెట్టిన్నో గూడ తెలుస్తలేదు.”

“కండ్లకే ఉన్నయ్ సార్. నడువుండ్రి.”

ఆయన నీళ్ల సీసా ఆమె అందుకుంది. ఆయన్ను వరసలో నిలబెట్టింది. వేలిముద్ర తీసేచోట ఆయన వేలు తిన్నగా పెట్టించింది. సీటు వెతికి కూర్చోబెట్టి, “మెల్లగ చదువుండ్రి, ఆగం కావద్దు” అని ధైర్యం కూడా చెప్పింది. తన కుర్చీలో కూర్చున్నాక గానీ గుర్తు రాలేదు, గేటు ఎప్పుడో దాటేశానని. అప్పటికే తెరమీద మొదటి ప్రశ్న వచ్చేసింది. వేళ్లకు వణికే తీరిక దొరకలేదు.

ఫలితాలు శైలేందర్ దగ్గరే చూసుకుంది. పట్నంలో మంచి కాలేజీకి సరిపోయే ర్యాంకు. భివండికి ఫోన్ చేస్తే, బాపు మగ్గం ఆపి రెండోసారి చెప్పించుకున్నాడు. తర్వాత సారువి చూశారు. ఇంగ్లీషులో నిండా, లెక్కల్లో రెండు.

“పాపం సారు, అన్నా! గేటు కాడ నేను లేకుంటే వాపసొచ్చెటోడు,” అంది రుచిత.

శైలేందర్ మౌసు వదిలేశాడు. “చెయ్యి వట్టుకున్నడా?”

“ఆఁ.”

“అద్దాలు కనవడ్తలేవన్నడా?”

“...అన్నడు.”

“నాకు గూడ గదే చెప్పిండు చెల్లె.”

శైలేందర్ ఒక ఏడు గేటు నుంచే తిరిగొచ్చాడట. మరుసటి ఏడు సారు తోడు పోతే, హాల్‌టికెట్ లేదని ఆయన్ను బయటే ఆపేశారు. శైలేందర్ లోపలికి నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి వచ్చేశాడు. ఆ పై ఏడు నుంచి సారు తనకూ ఒక హాల్‌టికెట్ తీసుకోవడం మొదలుపెట్టాడు. ఏటా ఎవరో ఒకరు ఉండనే ఉండేవారు.

“నా సంగతి సారుకెట్ల ఎరుక? నేనెవ్వరికి చెప్పలె.”

“నిరుడు మీ అందరి ఫలితాలు గీ కుర్చీల కూసోనే చూసిండు. నీ పేరు పక్కన గైర్హాజరని ఉండె. ఎవ్వరికి చెప్పకుర అన్నడు.”

రుచిత తిన్నగా సారు ఇంటికి పోయింది. ఆయన పేపరు చదువుతున్నాడు.

“మీకు భయం గియం ఏం లేదు సార్. మీరు మాకోసమే రాస్తున్నరు.”

“గది ప్యాసేజీల ఉన్నదా?” అన్నాడు సారు, పేపరు దించకుండా. “లెక్కలు రావు. రెండొచ్చినయ్. గంతే.”

స్వర్ణమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, గోడకున్న క్యాలెండరు పక్కకు జరిపింది. దాని వెనక అద్దం కట్టిన పాత సర్టిఫికెట్. డిగ్రీలో గణితం, యూనివర్సిటీకే మొదటి స్థానం. పేరు రాజమల్లయ్య.

“పోరగాండ్లు ఇంగ్లీషుకే బెదురుతున్నరని ఇంగ్లీషు చెప్పవట్టిండు,” అంది స్వర్ణమ్మ. “లెక్కలన్ని మంచిగ చేస్తే, సీటు అక్కెర లేని ఈయన ముందటికి వోయి, అక్కెర ఉన్న పిల్ల ఒక మెట్టు కిందికి జరుగుతదట. మరీ సున్న వస్తే ఇజ్జత్ పోతదని రెండు మాత్రం చేస్తడు.”

పేపరు ఇంకొంచెం పైకి లేచింది. “అడగంది చెప్పకు స్వర్ణా. అసలు గదంత ప్యాసేజీల...”

“ప్యాసేజీల లేదు సార్,” అంది రుచిత. “గోడకున్నది.”

ఆయన నవ్వుతున్నాడని ప్యాసేజీలో ఎక్కడా లేదు. పేపరు మాత్రం ఊగుతోంది.