కాఫీ గళ్ళ తాను

మా అత్తగారింట్లో క్రిస్మస్ బట్టలు వంతుల మీద నడుస్తాయి. ఒక ఏడు పెద్దకొడుకు ఇంటిల్లిపాదికీ తీయాలి, మరుసటి ఏడు చిన్నకొడుకు తీయాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో గానీ, వాళ్ళు కనపడితే రెండు మాటలు అడగాలని నాకు చాలా రోజులుగా ఉంది. మా బావ కడపలో కాంట్రాక్టు పనులు చేస్తాడు. ఆయన వంతు వచ్చినప్పుడు అందరినీ పెద్ద షాపుకు తీసుకుపోయి, ఏసీలో కూర్చోబెట్టి, నచ్చినవి తీసుకోండి అంటాడు. మా ఆయన రాయచోటిలో ఆటో తోలతాడు. మా వంతు వచ్చిన ఏడే ఆ ఆటో ఇంజను రిపేరుకొచ్చింది. ఎప్పుడూ ఇంతే.

అది చాలదన్నట్టు, మా ఆడబిడ్డకు పెళ్ళయ్యాక అదే మొదటి క్రిస్మస్. ఆమెను ఆదోని దగ్గర ఇచ్చాం. మొగుడితో పాటు ఆమె అత్త కూడా పండక్కి మా ఇంటికే వస్తోందని కబురు. పెళ్ళిలో మేము పెట్టిన చీర పలచగా ఉందని ఆ అత్త ఇప్పటికీ వీధిలో కనపడిన వాళ్ళందరికీ చెప్తోందట. మా ఆడబిడ్డ ఫోన్ చేసి బతిమాలుకుంది.

"వదినా, నాకేమీ పెట్టొద్దు. మా అత్తకు మాత్రం మంచి చీర పెట్టండి. లేకుంటే ఏడాదంతా నేను మాటలు పడల్ల."

చిన్నపిల్ల. మొన్నమొన్నటి దాకా నా పక్కన కూర్చుని గుండీలు కుట్టిచ్చిన పిల్ల. సరేలే, నేను చూసుకుంటాను అని మాటిచ్చేశాను. ఏం చూసుకుంటానో నాకే తెలియదు. నా నోరు ఎప్పుడూ నాకంటే ముందు పోతుంది.

ఆలోచించి ఆలోచించి ఒక దారి పట్టాను. ఆ అత్తకు ప్రొద్దుటూరు నుంచి ఒక మంచి పట్టుచీర. మిగతా అందరికీ ఒకే తాను గుడ్డ. మగవాళ్ళకు చొక్కాలు, పిల్లలకు గౌన్లు, ఆడవాళ్ళకు జాకెట్లు. ఇంట్లో మిషను ఉంది, కుట్టేది నేనే, కుట్టుకూలి మిగులుతుంది. చెప్పుకోవడానికి ఎంత బాగుందో చూడండి.

రాయచోటి బజారులో తాన్లు అమ్మే భాయ్ అంగడికి పోయాను. అప్పుడు తెలిసింది, ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇద్దరూ వేసుకునే గుడ్డ ఈ లోకంలో దొరకదని. పూలుంటే మా బావ వేసుకోడు. చారలుంటే మా తోడికోడలు నైట్‌డ్రెస్సు అంటుంది. తెల్లది మా పిల్లలకు గంట కూడా నిలవదు. సగం అంగడి దింపించాక కాఫీపొడి రంగు మీద సన్న తెల్ల గళ్ళది ఒకటి దొరికింది. భాయ్ దాన్ని మూరలేస్తూ, "ఏ ఇస్కూలుకమ్మా? ఇస్కూలుకైతే ఇంకొంచెం తగ్గిస్తా" అన్నాడు. నేను అవుననలేదు, కాదనీ అనలేదు. ఆయనే తగ్గించాడు.

ఇంటికి తెస్తే మా ఆయన గుడ్డ కొస పట్టుకుని చూశాడు. "ఏడాదంతా ఖాకీ చొక్కానే ఏసుకుంటాండా. పండగపూట కూడా యూనిఫామేనా?" అన్నాడు. నువ్వు సంపాదించిన దానికి ఇదే వస్తుంది అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

కడప నుంచి తోడికోడలు ఫోన్ చేసింది. ఒకే తాను అంటే ఆమె చాలాసేపు నవ్వింది. నవ్వడం అయ్యాక, సరేలే, గుడ్డ ఎట్లా ఉన్నా కుట్టుడు బాగుంటే చాలు అని, జాకెట్టుకు లైనింగు వేయమంది. చేతులకు నెట్టు పెట్టమంది. వెనక తాళ్ళు, తాళ్ళకు కుచ్చులు. మా బావకు రెండు జేబులట, ఫోన్లు రెండున్నాయి కదా. వాళ్ళ కూతురికి గౌను మూడంతస్తులు ఉండాలట, అంతస్తుకొక లేసు. అది విని మా కూతురు తనకూ మూడంతస్తులే కావాలని కూర్చుంది. మా అత్తకేమో హుక్కులు వద్దు, ప్రెస్ బటన్లు కావాలి, మోచేతుల దాకా చేతులు కావాలి. ఎవరూ పెద్ద కోరిక కోరలేదు, అందరివీ ఇంతింతే. అన్నీ కలిపి చూస్తే, తాను మీద నేను మిగిల్చిన డబ్బంతా లేసుల అంగడికి నడిచిపోయింది. ఆ అంగడి ఆవిడ నన్ను చూస్తే చాలు, స్టూలు వేసేది.

అందరివీ అయ్యాక చివర్లో నాకొక టాప్ కుట్టుకున్నాను. గుడ్డ చాలక చేతులు పొట్టిగా వచ్చాయి. అయినా వేసుకుని అద్దంలో చూసుకుంటే బాగానే అనిపించింది.

పండగ ముందురోజు మధ్యాహ్నానికి అందరూ దిగారు. అన్నాలు తిన్నాక మా అత్త అందరినీ చాప మీద కూర్చోబెట్టి ప్రార్థన చేసింది. నేను ఒక్కొక్కరికీ కవరు అందించాను. పిల్లలు గౌన్లు చూసి గంతులేశారు. అల్లుడు చొక్కా భుజాలకు ఆనించుకుని, పాపం, బాగుందన్నాడు. ఆఖరికి స్టీలు తట్టలో పండ్లు పెట్టి, వాటి మీద పట్టుచీర పెట్టి ఆదోని అమ్మకు ఇచ్చాను. నాకు వరసకు అమ్మే అవుతుంది. ఆమె చీర మడత విప్పింది. జరీ తడిమింది. తిరగేసి వెనక వైపు చూసింది. వంక దొరకలేదు. మా ఆడబిడ్డ నా వైపు చూసి ఊపిరి వదిలింది. నేనూ వదిలాను.

అప్పుడా అమ్మ తలెత్తి, చాప మీద కూర్చున్న వాళ్ళలో ఒక్కొక్కరి ఒళ్ళోకి చూసుకుంటూ వచ్చింది. ఎక్కడ చూసినా కాఫీ గళ్ళే.

"మీకందరికీ ఒకటే గుడ్డ" అంది.

మా అత్త సిగ్గుపడిపోయి, "ఈ ఏడు చేతిలో లెక్క తక్కువై అట్ల చేసినాం వదినా. నీకు మాత్రం మంచిదే తెప్పించినాం" అంది.

"దుడ్ల మాట నేను అడగలే. నా కొడుక్కి ఇదే పెడితిరి, నా కోడలికి ఇదే పెడితిరి. నాకొక్కదానికి ఏరేది. నేనేమన్నా బయటిదాన్నా? రేపు చర్చిలో అందరూ ఒక వరసన కూచుంటే, ఆ యమ్మ ఎవరు, చూసిపోనీకి వచ్చినాదా అని అడగరా?"

తోడికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వు దాచుకోవడానికే. మా ఆడబిడ్డ ముఖంలో రక్తం లేదు. ఆ చీర కోసం ఇంతమందికి గళ్ళ గుడ్డ కట్టబెట్టి, మా ఆయనతో ఒక దినమంతా మాటల్లేకుండా ఉండి, ప్రొద్దుటూరు బస్సులో నిలబడి పోయివచ్చాను నేను. నాకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. కానీ మళ్ళీ నా నోరే ముందు పోయింది.

"మీకూ ఉండాదమ్మా. కొలత తెలీక కుట్టకుండా పెట్టినా. ఒక పాత జాకెట్టు ఇయ్యండి, సాయంత్రానికి కుట్టి ఇస్తా."

ఆమె ముఖం విప్పారింది. వెంటనే సంచిలోంచి కొలత జాకెట్టు తీసిచ్చింది. ఉండాది అన్నాను గానీ ఏముంది? ఆ తానులో జానెడు ముక్క కూడా మిగల్లేదు. లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసి, నా టాప్ తీసి మిషను మీద పరిచాను. బ్లేడుతో కుట్లు విప్పుతుంటే మా ఆడబిడ్డ వెనకే వచ్చింది.

"వదినా, అది నీది గదా."

"నోరు మూసుకోని ఆ దారాలు పీకు."

పీకింది. పీకుతూ ఏడ్చింది. గుడ్డ మీద పడితే మరకవుతుందని దానికీ ఒకటి తిట్టాను. ఆ అమ్మ మంచి లావు మనిషి. పొట్టి చేతుల టాప్‌లోంచి ఆమెకు జాకెట్టు తీయడమంటే మాటలు కాదు. చంకల కింద రెండు వైపులా అతుకులు వేశాను. గళ్ళు గళ్ళకు కలిసేటట్టు వేశాను కాబట్టి ఎవరికీ కనపడవు. మా బావ మేడ మీద క్రిస్మస్ స్టారుకు లైటు వేసే వేళకు జాకెట్టు ఆమె చేతిలో పెట్టాను.

పొద్దున చర్చికి పోతే మా వాళ్ళంతా ఒకే వరుసలో కూర్చున్నారు. ఆదోని అమ్మ పట్టుచీర మీద కాఫీ గళ్ళ జాకెట్టు వేసుకుంది. ఆకుపచ్చ పట్టుకూ ఆ గళ్ళకూ ఏ మాత్రం పొత్తు లేదు. కుట్టేదాన్ని కదా, నాకు ఆ వైపు చూడాలంటేనే కళ్ళు మండాయి. ఆమె మాత్రం ఇటు తిరిగి అటు తిరిగి, అందరికీ కనపడేటట్టు కూర్చుంది. నేను నిరుటి నైలాను చీరతో వరుస చివర కూర్చున్నాను. నా గుడ్డ ఏమైందని మావాళ్ళలో ఒక్కరూ అడగలేదు. వాళ్ళ జేబులు, వాళ్ళ కుచ్చులు చూసుకోవడానికే వాళ్ళకు పొద్దు చాలలేదు.

ఆరాధన అయిపోయి బయటికి వచ్చాక, కేకు ముక్కలు పంచేచోట, ఆదోని అమ్మ కంటబడ్డాను. పైనుంచి కిందికి చూసింది. చూసి, మా అత్త వైపు తిరిగింది. గొంతు మామూలుగానే పెద్దది.

"ఏం వదినా, ఇంతమందికి కుట్టిపెట్టిన పిల్లకు ఒక గుడ్డముక్క మిగల్చలేదా మీరు? మా ఇంట్లో కోడల్ని ఇట్ల చూడము. మా కోడలు కట్టుకున్నాకనే నేను కట్టుకునేది."

సగం సంఘం విన్నది. మా అత్త నోరు తెరుచుకుని నన్నే చూసింది. ఆమెకు ఏం చెప్పను? చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్కసారి నిజం చెప్పేస్తే ఎంత హాయిగా ఉండేదో. ఇంతలో మా ఆడబిడ్డ వెనకనుంచి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. వాళ్ళత్త అంతమంది ముందర, పాస్టరయ్యకు కూడా వినపడేటట్టు అనేసింది కదా ఆ మాట. ఇంక ఎట్లా వెనక్కి తీసుకుంటుంది?

నేను కేకు ముక్క నోట్లో పెట్టుకుని ఊరుకున్నాను.

మరుసటి దినం వాళ్ళను ఆదోని బస్సు ఎక్కించాం. పట్టుచీర ఆమె సంచిలోకి పోయింది, జాకెట్టు ఒంటి మీదనే ఉంది. బస్సు కదిలాక మా ఆయన ఆటో స్టార్టు చేస్తూ, ఏదో గుర్తొచ్చినవాడిలా నా వైపు తిరిగాడు.

"అవునుమే, నీకూ కుట్టుకుంటివి గదా. నిన్న ఎందుకు ఏసుకోలే?"

ముందుకు చూసి ఆటో తోలమన్నాను.