ఎడమ చేత్తో రాసిన కృతజ్ఞత

2022 ఎండాకాలం. అప్పటికి నేను నరసరావుపేటలో ఒక చిన్న రీహాబ్ సెంటర్‌లో ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌గా చేస్తున్నాను. ఫిజియోథెరపీ అంటే అందరికీ తెలుసు కానీ మా పని ఏమిటో చెబితేగానీ తెలియదు. పక్షవాతం వచ్చినవాళ్లకి, చేతికి దెబ్బ తగిలినవాళ్లకి రోజువారీ పనులు మళ్లీ అలవాటు చేయిస్తాం. అన్నం కలుపుకోవడం, గుండీలు పెట్టుకోవడం, గ్లాసు ఎత్తుకోవడం, ఇలాంటివి. మొదటిరోజు అసెస్‌మెంట్‌లో, అంటే చెయ్యి ఎంతవరకు పనిచేస్తోందో చూసే పరీక్షలో, ముందు ఏ పని సొంతంగా చేసుకోవాలని ఉందో అడుగుతాను. చాలామంది బాత్‌రూమ్ సంగతే చెబుతారు.

మాచర్ల నుంచి వచ్చిన సుబ్బయ్య గారు మాత్రం "రాయాలమ్మా" అన్నారు.

ఆయన బట్టల కొట్టు వ్యాపారి. అరవై దాటాయి. స్ట్రోక్ వల్ల కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కొంచెం ముద్దగా వచ్చేది కానీ అర్థమయ్యేది. పెళ్లి బట్టలు తన కొట్లో కొన్న ప్రతి ఇంటికీ ఆయన కార్డు మీద చేత్తో నాలుగు ముక్కలు రాసి పంపేవారట. ముత్యాల్లాంటి రాత అని ఊళ్లో పేరు. కొడుకు కిశోర్ కొట్లో కూర్చున్నాక కార్డులు పోయి వాట్సాప్ మెసేజ్‌లు వచ్చాయి.

"ఎవరికి రాస్తారు?" అని అడిగాను.

"లారీ డ్రైవర్‌కి."

ఆ సంగతి వెంట వచ్చిన కిశోర్ చెప్పాడు. ఆయన దాచేపల్లిలో ఒక పెళ్లికి వెళ్లి, తిరుగు బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడి ఉండగా కూలిపోయారు. తాగి పడిపోయాడనుకుని జనం పక్కకు తప్పుకుని పోయారు. సిమెంటు లోడుతో వెళుతున్న ఒక డ్రైవర్ బండి ఆపి, ఆయన్ని క్యాబిన్‌లోకి ఎక్కించి, పిడుగురాళ్లలో ఆసుపత్రికి చేర్చాడు. జేబులో ఉన్న కొట్టు కార్డు చూసి కిశోర్‌కి ఫోన్ చేశాడు. కిశోర్ వెళ్లేసరికి డ్రైవర్ లేడు. నెంబర్ మాత్రం 'లారీ డ్రైవర్' అన్న పేరుతో ఫోన్‌లో మిగిలింది.

"నేను థాంక్స్ చెప్పాను మేడం. దణ్ణం బొమ్మ కూడా పెట్టాను" అన్నాడు కిశోర్.

సుబ్బయ్య గారు ఎడమ చేత్తో టేబుల్ మీద కొట్టారు. "పడిపోయినోణ్ణి ఎత్తుకుపోయి బతికిస్తే బొమ్మ పంపాడంటమ్మా! ఏంది ఆ బొమ్మ? నా పాణం అంతేనా?"

అలా మొదలైంది. ఆయన కుర్చీలో నిలకడగా కూర్చునేవారు కాదు. ఒక వ్యాయామం సగంలో ఉండగానే తర్వాతది ఏమిటని అడిగేవారు. బాగున్న కాలు నేలకేసి తాటిస్తూనే ఉండేవారు. ఆయన వచ్చిన రోజు నాకు కూడా కుదురు ఉండేది కాదు. స్ట్రోక్ తర్వాత కండరాలు బిగుసుకుపోవడాన్ని స్పాస్టిసిటీ అంటారు. ఎంత బలంగా ప్రయత్నిస్తే అంత బిగుస్తాయి. ఈయన పెన్ను ముట్టుకోగానే కుడి చెయ్యి పిడికిలైపోయేది. తొందరపడవద్దని నేను, చేయించడం లేదని ఆయన, రోజూ ఇదే గొడవ.

దిద్దడానికి నేను అక్షరాలు రాసిస్తే వాటికీ వంక పెట్టేవారు. "ఏందమ్మా ఈ 'ఖ'? ఎవరు నేర్పారు నీకు?"

నిజమే, రిపోర్టులన్నీ కంప్యూటర్‌లో కొట్టి కొట్టి నా రాత కోడి గీతల్లా తయారైంది.

ఆయన చెబుతుంటే కొడుకుని రాయమందామని ఒకరోజు అనిపించింది. కిశోర్ పెన్ను తీసుకుని ఒక వాక్యం రాశాడు. రెండోదానికి చెయ్యి నొప్పెట్టిందని విదిలించుకున్నాడు. 'కృతజ్ఞత' అన్నచోట 'జ్ఞ' ఎలా రాయాలో తోచక ఫోన్ తీశాడు. తండ్రి ఆ కాగితం లాగి ఉండ చుట్టి పారేశారు. "ఇంక రాసేవాళ్లు లేరా ఇంట్లో!" అన్నారు. ఆ మాటకు కిశోర్ మొహం మాడిపోయింది. బయటికి వెళ్లి చాలాసేపు రాలేదు.

ఆ మర్నాడు సుబ్బయ్య గారి కుడి చేతివేళ్లు కమిలి ఉన్నాయి. ఇంట్లో ఎవరూ చూడకుండా పెన్నుని గుడ్డపీలికతో చేతికి బిగించి కట్టుకుని రాయబోయారట. నాకు కోపం ఆగలేదు.

"బాబాయ్ గారూ, మీకు మీ పాత రాత కావాలా, ఆ మనిషికి మీ మాట అందడం కావాలా? ఒకటి తేల్చుకోండి. ఎడమ చేత్తో రాయండి."

ఆయన నా వంక చూడలేదు. "ఎడమ చేత్తో ఎవరికన్నా దణ్ణం పెడతామా? ఎడమ చేత్తో ఇస్తే తీసుకుంటారా? బతికించినోడికి అట్టా ఇయ్యమంటావా?"

అసలు అడ్డు ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ కేవలం మొండితనం అనుకున్నాను.

"ఆ చెయ్యే కదా ఇప్పుడు మీకు అన్నం పెడుతోంది" అన్నాను.

ఆ రోజు థెరపీ జరగలేదు. తర్వాతి వారం వచ్చినప్పుడు మాత్రం అడగకుండానే పెన్ను ఎడమ చేతికి తీసుకున్నారు.

కాగితం జారకుండా కింద రబ్బరు చాప వేసి, పెన్నుకి లావుపాటి స్పాంజి తొడిగాను. అక్షరాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, వరసలు కిందికి జారేవి. కొన్ని వారాలకు ఒక పేజీ తయారైంది. 'లారీ డ్రైవర్ గారికి నమస్కారములు. నన్ను మీరు ఎరగరు. మీకు నేనేమీ కాను. అయినా ఆగారు. సుబ్బయ్య, మాచర్ల.' అది చూసుకుని ఆయన సిగ్గుపడ్డారు. "ఒకటో తరగతి పిల్లోడి రాత. వద్దు, పంపొద్దు. కుడి చెయ్యి వచ్చినాక చూద్దాం" అని మడిచి జేబులో పెట్టుకున్నారు. అంతకుముందే కిశోర్ దాన్ని ఫోటో తీసి డ్రైవర్‌కి పంపాడని ఆయనకు తెలియదు, నాకూ తెలియదు.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం, థెరపీ మధ్యలో, లుంగీ కట్టుకున్న ఒకాయన గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. "సార్, నేనే. లారీ" అన్నాడు. కిశోర్ చెబితే ఇక్కడికి వచ్చాడట. కృష్ణా నదికి అవతల, నల్లగొండ వైపు మనిషి. పేరు యాదగిరి.

సుబ్బయ్య గారు లేవబోయి తూలారు. యాదగిరే పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఫోన్ల ఫోటో చూసిన సార్. గా కాయితం నాకియ్యుండ్రి."

సుబ్బయ్య గారు కొడుకు వైపు కోపంగా చూసి, యాదగిరితో అన్నారు: "అది ఎడమ చేత్తో రాసిందయ్యా. చానా గలీజుగా ఉంది. ఇంకొన్నాళ్లు ఆగు, మంచిగా రాసి పంపుతా."

"ఎట్లున్నా ఏమైతది? నాకు గాదు సార్, మా ఇంటామెకు చూపెట్టాలె."

ఎందుకో కూడా చెప్పాడు. అంతకుముందు ఒకసారి యాక్సిడెంట్ అయిన మనిషిని ఇలాగే ఎక్కించుకున్నాడు. ఆ మనిషి దారిలోనే పోయాడు. స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ తిరిగాడు. ఇంక ఎవరికోసమూ బండి ఆపనని భార్య అతని చేత ఒట్టు వేయించుకుంది. సుబ్బయ్య గారి కోసం ఆపాడని తెలిసిన రోజు నుంచి ఆమెకు నిద్ర లేదు.

"గాయన ఉన్నడో పోయిండో, ఎప్పుడు పోలీసులొస్తరో అని ఒకటే భయం. ఫోన్ల దణ్ణం బొమ్మ చూపెడితే, కొడుకు పంపిండు గని ముసలాయన ఉన్నట్టేనా అంటది. మీ చేతిరాతయితే నమ్ముతది."

సుబ్బయ్య గారు జేబులోంచి కాగితం తీసి టేబుల్ మీద పరిచారు. "మీ ఇంటామె పేరేంది?"

"సువర్ణ. బండి రోడ్డు మీద పెట్టిన సార్, జల్ది పోవాలె."

"ఆగు."

పెన్ను తీసుకున్నారు. 'ర' కింద 'ణ' ఒత్తు దగ్గర చెయ్యి ఆగిపోయింది. బయట ఎవరో బండి తీయమని హారన్ మీద హారన్ కొడుతున్నారు. యాదగిరి కిటికీలోంచి చూస్తున్నాడు. కిశోర్ పరుగున బయటికి వెళ్లి వాళ్లకు సర్దిచెబుతున్నాడు. సుబ్బయ్య గారు మాత్రం తల ఎత్తలేదు. పాత వరసల కింద ఇంకో వరస చేరింది: 'అమ్మా సువర్ణా, నీ భర్త ఆగాడు. నేను బతికాను.'

కాగితాన్ని ముడుచుకుపోయిన కుడి పిడికిలి మీద పెట్టి, కింద ఎడమ చెయ్యి ఆనించి, రెండు చేతులూ కలిపి ఇచ్చారు. యాదగిరి కూడా రెండు చేతులతో అందుకున్నాడు. దాన్ని చదవలేదు. చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకుని పరుగెత్తాడు.

సుబ్బయ్య గారి కుడి చెయ్యి తర్వాత గ్లాసు పట్టుకునేదాకా వచ్చింది. పెన్ను పట్టేదాకా రాలేదు. దాని మీద ఆయనకు అసహనం పోలేదు, నాతో పేచీ కూడా ఆగలేదు.

నాకు మాత్రం ఒక పద్ధతి మారింది. అంతకుముందు నేను ముందు చెయ్యి, తర్వాత పని అని ప్లాన్ రాసేదాన్ని. బాగయ్యాక చేద్దామని రోగులు వాయిదా వేస్తుంటే, మంచి పట్టుదల అనుకునేదాన్ని. వాళ్ల కోసం అవతల ఎదురుచూసేవాళ్లు ఉంటారని ఆలోచించలేదు. మొన్నీమధ్య రొంపిచెర్ల నుంచి వచ్చిన ఒకామె, చేతిలో బలం వచ్చాకే మనవరాలిని ఎత్తుకుంటానంది. ఆమె ఒళ్లో దిండు పెట్టి, పిల్లను తెమ్మని కోడలికి చెప్పాను.