జానెడు తీగ

నా చిన్నప్పుడు మా కొడకండ్లలో కరెంటు అనే మాట ఒక్కటే ఉండేది. బల్బు మసకగా వెలిగితే కరెంటు తక్కువ వస్తోందనేవాళ్లం. మోటారు కాలితే కరెంటు ఎక్కువైందనేవాళ్లం. అందులో తోసేది వేరు, పారేది వేరు, అడ్డుపడేది వేరు అని మాకు తెలియదు. నాకు తెలిసిన రోజు మాత్రం బాగా గుర్తుంది. ఆ రోజు దొంగను నేనే.

తెలంగాణ కావాలని మొదటిసారి బళ్లు మూతపడిన ఏడాది అది. నాకు పదమూడేళ్లు. మా ముందుగదిలో సైన్సు సార్ అద్దెకుండేవారు. కృష్ణా ఒడ్డు నుంచి వచ్చిన మనిషి. ఆయన మాటను మేం వెనకాల "అండీ, అండీ" అని సాగదీసి వెక్కిరిస్తే విననట్టే ఉండేవారు. బడి కిటికీలు పగిలాక, సైన్సు గదిలోని మీటర్లు పాడవకుండా తన దగ్గర పెట్టుకున్నారు. వాటితోనే నాకు పాఠం చెప్పేవారు. తాను అన్నం వండుకునే హీటరుకు మీటర్లు తగిలించి నాచేత లెక్క రాయించారు. వోల్టేజి రెండు వందలు. మా ఊళ్లో అంతకు మించి వచ్చేది కాదు. కరెంటు నాలుగు ఆంపియర్లు. భాగిస్తే తీగ నిరోధం యాభై ఓమ్‌లు, గుణిస్తే పవరు ఎనిమిది వందల వాట్లు. నోటుబుక్కులో అంతా నా దస్తూరీయే.

నాకేమో పాఠం కంటే ఉద్యమ జెండా ముఖ్యం. పిల్లలందరూ సైకిళ్లకు జెండాలు పుల్లతో కట్టారు. నాది స్ప్రింగు మీద ఊగాలనిపించింది. సార్ జనగామ వెళ్లిన పూట హీటరులో స్ప్రింగులా ఉండే తీగచుట్టలోంచి జానెడు కత్తిరించి జెండాకు కట్టుకున్నాను. మిగిలినదాన్ని సాగదీసి మళ్లీ గాడి నిండా కూర్చోబెట్టాను. తీగ తగ్గితే కరెంటు కూడా తక్కువే తాగుతుంది, సారుకే మేలు అని నాకు నేనే చెప్పుకున్నాను.

మర్నాటి నుంచి ఇంట్లో ఫ్యూజు ఎగిరిపోవడం మొదలైంది. మూడో రోజు నాయిన హీటరు తిరగేసి చూస్తే తీగ కొస కొత్తగా తెగి ఉంది. ఆ గది ఊడ్చేది తండా నుంచి పనికొచ్చే అక్క ఒక్కతే.

"నీ పోరగాండ్లు ఆడుకోనీకి తీసుకపోయినవా?" అన్నాడు నాయిన.

"అయ్యో బాపు, అది షాకు కొడ్తదని చీపురు గూడ దూరం పెడ్త. తీగనెట్ల తీస్త?"

"మరి దానికి కాళ్లొచ్చి పోయిందా? రేపటి సంది రాకు."

నేను గుమ్మంలోనే ఉన్నాను. నోరు తెరవలేదు. దొంగ అన్న పేరు పడితే ఊళ్లో మరే ఇల్లూ ఆమెను పనికి పిలవదని కూడా నాకు తెలుసు. ఆమె చీపురు గోడకు ఆనించి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

సాయంత్రం సార్ సంగతంతా విని, "అందుకేనా రెండు రోజులుగా అన్నం మాడుతోంది" అన్నారు. ఇంట్లో బల్బులన్నీ ఆపించి, మీటర్లు తగిలించి నన్ను పిలిచారు.

"చదువు బాబూ."

"రెండు వందలు. కరెంటు... ఐదు! తీగ తగ్గితే కరెంటు పెరుగుడేంది సార్?"

"అడ్డు తగ్గింది కదయ్యా, ఎక్కువ పారుతుంది. భాగించు."

"నలభై."

"మొన్న?"

"యాభై."

"పవరు?"

"వెయ్యి."

"బల్బులకు తోడు వెయ్యంటే ఆ సన్న ఫ్యూజు ఆగుతుందా మరి? సరే, యాభైలో పది ఎన్నో వంతు?"

"ఐదో వంతు సార్."

"ఇది ఐదు జానల చుట్ట. అంటే పోయింది జానెడు. మిగతాది ఎవరో ఓపిగ్గా సాగదీసి సర్దారు. ముట్టుకోవడానికే భయపడే మనిషి పని కాదిది."

అలా అంటూ ఆయన వాకిట్లోకి చూశారు. నా సైకిలు మీద జెండా గాలికి ఊగుతోంది. మెల్లగా, "అడిగితే నేనే ఇచ్చేవాణ్ణి. నాకు లెక్కే చెప్పింది, చాలు. మీ నాన్నకు మాత్రం నువ్వే చెప్పాలి" అన్నారు.

చెప్పాను. దెబ్బలు తిన్నాను. తెల్లారి అక్కను పిలుచుకు రమ్మని నాయిన నన్నే తండాకు పంపాడు.

"అక్కా, సారు మీటరు పెట్టి లెక్క కట్టిండు. నువ్వు తియ్యలేదని తేలింది. నాయిన రమ్మన్నడు."

"అబ్బో! మీటరుకెర్కైంది గని, ఇన్నేండ్ల సంది చూస్తున్న మీ నాయినకు ఎర్క గాలే. మరి తీసినోని పేరు చెప్పలేదా నీ మీటరు?"

నాయిన ముందు ఒప్పుకున్న నోరు ఆమె ముందు పెగలలేదు. "లేదక్కా" అన్నాను.

ఆమె నా సైకిలు వైపు చూసింది. జెండా విప్పాలన్న బుద్ధి కూడా నాకు పుట్టలేదు. "జెండ మంచిగ ఊగుతుంది పిలగా" అని, కొంగు దోపుకొని నాకంటే ముందు నడిచింది.

తర్వాత ఎన్నో ఏళ్లు మా వాకిలి ఊడ్చింది. ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నేనూ ఎత్తలేదు. సార్ ఆ వేసవిలోనే బదిలీ మీద వెళ్లిపోయారు. నేను మోటార్లు చుట్టే పనిలో పడి, ఆయన నేర్పిన భాగహారంతోనే బతికాను.

ఆ జానెడు తీగ ఇప్పటికీ నా పనిముట్ల పెట్టెలో ఉంది. అప్పుడప్పుడు మీటరు పెట్టి చూస్తాను. పదికి కాస్త అటూ ఇటూగా చూపిస్తుంది. ఇన్నేళ్లయినా అది మాట మార్చలేదు. తండాలో ఆ పొద్దు నేను చెప్పిన జవాబు ఒక్కటే తప్పు. దాన్ని దిద్దుకుందామంటే అక్క ఇప్పుడు లేదు.